మావాడికి పాత విండోస్‌ల పిచ్చి పట్టింది. ఈ వీడియోలు సాగనివ్వాలా?

రొయ్యలగుంట_నాన్న · ఇందుకూరుపేట

అందరికీ నమస్కారం. నాకు కంప్యూటర్లు పెద్దగా తెలియవు, రొయ్యల సాగు మాది. మా అబ్బాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతి. వాడికి ఆటల పిచ్చి లేదు, రీల్స్ పిచ్చి లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల పిచ్చి, అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించేవి.

ఎక్కడ మొదలైందంటే, నేను మేత కొనే కొట్లో లెక్కలకి ఒక పాత కంప్యూటర్ ఉండేది. నేను బాకీల సంగతి మాట్లాడుతుంటే వీడు దాని ముందు నిలబడేవాడు. సాయంత్రం దాన్ని ఆపేస్తే నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, ఇక స్విచ్ కట్టేసుకోవచ్చు అని. 'ఆపేశాక కూడా అది ఎట్టా మాట్లాడతాంది నాన్నా?' అని అడిగాడు. అప్పటికి వాడికి ఆరేళ్లో ఏడేళ్లో. అంతే, అక్కడ తగులుకుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒకదాని లోపల ఒకటి పెట్టి విండోస్ 95, 98, ఎక్స్‌పీ, లైనక్స్ అన్నీ ఎక్కించి, వాటి కథ తెలుగులో చెప్తూ వీడియోలు తీస్తున్నాడు. నా అకౌంట్ మీదే ఛానల్. మొన్న ఒక వీడియోలో, విండోస్ 95ని ఆపకుండా ఉంచితే 49 రోజుల చిల్లరకి బిగుసుకుపోతుందని చెప్పాడు. అబద్ధాలు చెప్తున్నావని కింద ఎవరో బూతులు రాశారు. ఆ రాత్రి పిల్లోడు అన్నం తినలేదు.

నా ప్రశ్నలు ఇవి. నిజమైన పాత కంప్యూటర్ కొనివ్వమంటున్నాడు, ఎక్కడ దొరుకుతుంది, ఎంత పెట్టొచ్చు? వీడియోలో ముఖం చూపించొచ్చా? ఈ పాత విండోస్‌లు పెట్టుకుంటే కేసులేమైనా అవుతాయా? వచ్చే ఏడాది పదో తరగతి, చదువు పాడవుతుందేమో అని వాళ్లమ్మ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

అన్నా, 1996 నుంచి కంప్యూటర్ కొట్టు నాది. కావలి, అల్లూరు, బిట్రగుంట చుట్టుపక్కల 98 ఎక్కించిన చేతులివి. డిస్క్‌ని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ కొట్టి, పెద్ద డిస్క్ సపోర్ట్ కావాలా అంటే వై నొక్కి, ఫార్మాట్ పెట్టి, టీ తాగి వచ్చేవాణ్ని. ఈ 49 రోజుల కథ నేను ఎప్పుడూ చూడలేదు. నా నెట్ సెంటర్‌లో లైను పంచే కంప్యూటర్ 98 సెకండ్ ఎడిషనే, నెలల తరబడి ఆపకుండా నడిచింది. నెట్‌లో ఎవడో రాసిందల్లా చెప్పొద్దని పిల్లోడికి చెప్పండి. ఛానల్ పేరు పోతుంది.

సున్నా_ఒకటి · ఒంగోలు (ఇప్పుడు బెంగళూరు)

పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో విండోస్ లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క 32 బిట్ల డబ్బాలో, అంటే 32 సున్నా-ఒకట్ల గడుల్లో ఉంటుంది. అందులో పట్టేవి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 విలువలు. రోజుకి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లు. భాగించుకోండి, 49.7 వస్తుంది. అక్కడ లెక్క మళ్లీ సున్నాకి తిరుగుతుంది, దాని మీద ఆధారపడిన కోడ్ తికమకపడుతుంది. 95కీ 98కీ ఈ జబ్బు ఉందని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, దాన్ని సరిదిద్దే ప్యాచ్ ఇచ్చింది. బయటపడింది 1999లో. 95 వచ్చింది 1995 ఆగస్టులో. అన్నేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదో ఆలోచించండి.

కావలి అన్న కొట్లో నెలల తరబడి నడిచింది 98 అయ్యుండదు. ఆఫీసుల కోసం వేరేగా వచ్చిన విండోస్ ఎన్‌టీ 4 అయ్యుంటుంది.

కరెంటు_పోయింది · గూడూరు

అన్నేళ్లు ఎందుకు తెలియలేదో నేను చెప్తా. మన జిల్లాలో 49 రోజులు వరసగా కరెంటు ఉన్న చరిత్ర ఉందా? 2012 ఎండాకాలం గుర్తుందా? విండోస్ బిగుసుకుపోయే లోపల ట్రాన్స్‌ఫార్మర్ పోయేది.

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

సున్నా ఒకటి గారూ, 98కీ ఎన్‌టీకీ తేడా తెలియకుండానే ఇన్నేళ్లు కొట్టు నడిపానంటారా? ఎన్‌టీలో మా ప్రింటర్ డ్రైవరే పడేది కాదు. యూపీఎస్ ఉంది, దాని వెనక లారీ బ్యాటరీ ఉంది, దాని వెనక జనరేటర్ ఉంది. కరెంటు పోతే నాకేంటి? బెంగళూరులో ఏసీలో కూర్చుని మా కొట్లో ఏం నడిచిందో మాకే చెప్తున్నారు.

ఇద్దరాడపిల్లల_తల్లి · ఒంగోలు, లాయర్‌పేట

ఇందుకూరుపేట అన్నయ్య గారూ, ముఖం సంగతి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తున్నాను. మా పెద్దమ్మాయి ముగ్గుల వీడియోలు పెట్టేది. చేతులే కనిపించేవి, అయినా ఎవడో చేతుల మీద కూడా రాశాడు. పిల్లలకి ఆ మాటలు పెద్దవాళ్లకన్నా ఎక్కువ రోజులు ఉంటాయి. కామెంట్లు మీరు చూశాకే బయటికి కనిపించేలా సెట్టింగ్ ఉంది, ముందు అది పెట్టండి. బూతు మాటల జాబితా ఇస్తే అవి ఉన్న కామెంట్లు పక్కకి ఆగిపోతాయి. ఆ జాబితాలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు బూతులు కూడా వేయండి. నాకు రాయడానికే సిగ్గేసింది, అయినా వేశాను. యూట్యూబ్‌లో సొంత అకౌంట్‌కి 13 నిండాలి. డబ్బులు వచ్చే దశకి వస్తే, ఆ డబ్బు అందే యాడ్‌సెన్స్ అకౌంట్ 18 నిండినవాళ్ల పేరు మీదే ఉండాలి, అంటే మీ పేరు మీద. స్కూలు యూనిఫాం, ఇంటి ముందు వీధి, బండి నంబరు ఏవీ పడకుండా చూసుకోండి.

పెంగ్విన్_మార్కాపురం · మార్కాపురం

ఇంకా విండోస్ గోలేనా? పిల్లవాడికి లైనక్స్ చూపించండి.

2006లో మార్కాపురంలో ఇంటర్నెట్ అంటే గంటకి డబ్బు కట్టి నెట్ సెంటర్‌లో కూర్చోవడమే. 700 ఎంబీ సీడీ దించుకోవడం కలలో మాట. ఉబుంటు అనే లైనక్స్ వాళ్లు అడిగితే చాలు, సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు, షిప్‌ఇట్ అని. నేను అడిగి మర్చిపోయా. ఒకరోజు పోస్ట్‌మ్యాన్ వచ్చి 'ఫారిన్‌లో మీకు ఎవరున్నారు సార్' అన్నాడు. లోపల 6.06 సీడీలు, స్టిక్కర్లు. పైసా కట్టలేదు. సీడీ పెట్టి ఆన్ చేస్తే హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే మొత్తం సిస్టమ్ లేచి కూర్చుంది! ఆ రాత్రి మా వీధిలో ఎంతమందిని పిలిచి చూపించానో. వాళ్లకి ఏమీ అర్థం కాలేదు, నేను మాత్రం నిద్రపోలేదు. 2011లో షిప్‌ఇట్ ఆపేశారు.

లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ దాని సంగతి బయటపెట్టినప్పుడు ఆయనకి 21 ఏళ్లు. ఇలాంటివి చెప్పండి పిల్లవాడికి. ప్యాచ్‌లు, బిగుసుకుపోవడాలు కాదు.

సున్నా_ఒకటి · ఒంగోలు (ఇప్పుడు బెంగళూరు)

కావలి అన్నా, కోపం వద్దు. రెండే మార్గాలు. మీ 98కి ఆ ప్యాచ్ పడి ఉండాలి, లేదా మధ్యలో మీ కుర్రాడెవరో రీస్టార్ట్ కొట్టి ఉండాలి. లెక్క అబద్ధం చెప్పదు. 2015లో బోయింగ్ 787 విమానానికి ఇలాంటిదే బయటపడింది. 248 రోజులు కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్లు ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా విమానయాన సంస్థ ఆదేశం ఇచ్చింది. సెకనులో వందో వంతు లెక్కన 31 బిట్లు నిండటానికి పట్టే కాలం 248 రోజులే. అంత పెద్ద విమానానికే తప్పలేదు, మీ నెట్ సెంటర్ ఎంత?

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

'మీ నెట్ సెంటర్ ఎంత' అంటావా? ఆ నెట్ సెంటర్‌లో ఎంసెట్ ర్యాంకులు చూసుకుని ఇంజినీర్లయినవాళ్లు సగం మంది ఇప్పుడు నీ పక్క కుర్చీల్లో ఉన్నారు తమ్ముడూ.

కరెంటు_పోయింది · గూడూరు

విమానానికి కూడా రీస్టార్టే మందా? ఇక నేను రైల్లోనే తిరుగుతా.

పొదిలి_పంతులు · పొదిలి

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇద్దరూ ఆగండి. తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండుకి ముప్పై రెండో ఘాతం తీసుకుని రోజుల్లోకి మార్చాడంటే, నాకు కావాల్సింది అదే. మా క్లాసులో ఘాతాంకాలు చెప్పేటప్పుడు 'ఇవి ఎందుకు సార్' అంటారు. రేపటి నుంచి ఈ లెక్కే బోర్డు మీద వేస్తాను. రొయ్యల నాన్న గారూ, చదువు పాడవుతుందని భయపడకండి. పదో తరగతిలో మాత్రం సోషల్, తెలుగు చదవకుండా ఈ ఒక్కదాని మీదే ఉంటే మార్కులు జారతాయి. వీడియో స్క్రిప్టు చేత్తో తెలుగులో రాయమనండి. చేతిరాతా బాగుపడుతుంది, వాక్యమూ నిలబడుతుంది.

రొయ్యలగుంట_నాన్న · ఇందుకూరుపేట

నమస్తే, నేను వాళ్లబ్బాయిని. నాన్న గుంట దగ్గరికి ఏరేటర్ చూడటానికి వెళ్లారు, ఫోన్ నా దగ్గరుంది. అడిగే టైప్ చేస్తున్నా.

కావలి అంకుల్, 49.7 రోజుల తప్పు మొత్తం విండోస్‌ది కాదు, వీటీడీఏపీఐ అనే వీఎక్స్‌డీ ఫైలులో, అంటే ఒక డ్రైవర్ ఫైలులో ఉంది. ప్యాచ్ ఆ ఫైలునే మారుస్తుంది. వీడియోలో అది చెప్పా, కానీ చివర్లో ఉంది, అక్కడిదాకా ఎవరూ చూడలేదు.

నాకు ఇష్టమైన సంగతి అది కాదు. నాన్న చెప్పిన నారింజ అక్షరాలు ఉన్నాయి కదా, అవి అసలు అక్షరాలే కాదు. బొమ్మ. విండోస్ ఫోల్డర్‌లో లోగోస్ డాట్ సిస్ అని ఫైలు ఉంటుంది. పేరు చూస్తే ఏదో ముట్టుకోకూడని సిస్టమ్ ఫైలులా ఉంటుంది. దాన్ని కాపీ చేసి పేరు చివర బీఎంపీ అని మార్చి పెయింట్‌లో తెరిస్తే ఆ నల్లటి తెరే వస్తుంది! పాత కేబినెట్‌లలో కరెంటు కట్టేసే పని సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండేది కాదు, స్విచ్ మనమే నొక్కాలి. అందుకే విండోస్ తన పని అయిపోయాక ఆ బొమ్మ తెర మీద పెట్టి ఊరుకునేది.

నేను ఆ బొమ్మ చెరిపేసి 'ఇక కట్టేయొచ్చు' అని తెలుగులో రాసి మళ్లీ సేవ్ చేశా. 98లో తెలుగు టైప్ అవ్వదు కాబట్టి మౌస్‌తో గీశా. బొమ్మ 320 బై 400 ఉంటుంది, తెర మీద అడ్డంగా రెండింతలు సాగుతుంది. అందుకని సన్నగా, పొడుగ్గా గీయాలి. ముందు 'క' కి తలకట్టు తెర అంతా పరుచుకుంది, నాలుగోసారికి కుదిరింది. 256 రంగులే వాడాలి, లేకపోతే విండోస్ దాన్ని పట్టించుకోదు. షట్‌డౌన్ కొడితే తెలుగులో వచ్చింది. ఆ వీడియో రేపు పెడతా.

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో 98 పదహారు రంగుల్లోనే వస్తుంది, రంగులు పెరగాలంటే వీబీఈఎంపీ డ్రైవర్ వేసుకోవాలి. 86బాక్స్ అయితే పాత మదర్‌బోర్డు, పాత గ్రాఫిక్స్ కార్డు అన్నీ నకలు చేస్తుంది, కానీ మా ల్యాప్‌టాప్ దాన్ని మోయలేకపోతోంది. అందుకే నిజమైన కంప్యూటర్ అడిగా.

డీటీపీ_బాబాయ్ · కందుకూరు

అబ్బాయ్, మౌస్‌తో గీయడం ఏంది! అను తెలుగు సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి ఉంటే నిమిషం పని. నా దగ్గర ఇప్పటికీ ఒక 98 మెషీన్ ఉంది, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్లి పత్రికలు దాంట్లోనే కొడతా. ఇప్పటి ఫాంట్లలో ఆ ఒత్తుల అందం ఏది?

పెంగ్విన్_మార్కాపురం · మార్కాపురం

బాబాయ్, ఆ అనులో కొట్టిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఏమొస్తుంది? పిచ్చి గుర్తులు. గూగుల్‌లో వెతికితే దొరుకుతుందా? దొరకదు. ఇరవై ఏళ్ల తెలుగు మేటర్ అంతా అట్టా మూటగట్టి అటక మీద పడేశారు. ఏ కంప్యూటర్‌లో అయినా అదే అక్షరంగా తెరుచుకునే యూనికోడ్ ఎప్పుడో వచ్చింది కదా.

డీటీపీ_బాబాయ్ · కందుకూరు

ఎప్పుడో వచ్చింది, మా దాకా ఎప్పుడొచ్చింది? 98లో లేదు. విండోస్ 2000లో హిందీ, తమిళం ఇచ్చారు, తెలుగు ఇవ్వలేదు. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో ఇచ్చారు గానీ, అది కూడా రీజనల్ సెట్టింగ్స్‌లోకి పోయి టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెడితేనే. సీడీ ఎవరి దగ్గరుంది? అంతవరకు పెళ్లిళ్లు ఆపుకోవాలా?

పొదిలి_పంతులు · పొదిలి

ఆ టిక్ పెట్టని ఎక్స్‌పీలో ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడేవి. 'అమ్మ' అని కొడితే రెండు 'మ'ల మధ్య పొల్లు. మా స్కూలు వార్షికోత్సవం కరపత్రం అలాగే అచ్చయింది, హెడ్మాస్టరు గారు మైకులో చదవలేక జేబులో పెట్టుకున్నారు. బాబాయ్ చెప్పిందాంట్లో నిజం ఉంది. పెంగ్విన్ చెప్పిందీ నిజమే.

పెంగ్విన్_మార్కాపురం · మార్కాపురం

ఇద్దరిదీ నిజమే అంటే ఇక చర్చ ఎందుకు మాస్టారూ.

ఇద్దరాడపిల్లల_తల్లి · ఒంగోలు, లాయర్‌పేట

పిల్లవాడు అన్నం మానేశాడని తండ్రి రాస్తే ఒక్కరైనా దాని మీద మాట్లాడారా? ఫాంట్లు, విమానాలు, జనరేటర్లు. కావలి అన్నయ్యా, మీ మొదటి పోస్టు ఆ బూతులు రాసినవాడి మాటకి ఎంత దూరంలో ఉందో మీరే చదువుకోండి. బాబూ, నువ్వు ఆ లోగో వీడియో పెట్టగానే ఇక్కడ చెప్పు, మా అమ్మాయిలిద్దరికీ చూపిస్తాను.

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

అమ్మా, నేను పిల్లోణ్ని ఏమీ అనలేదు. ప్యాచ్ పడిన మెషీన్ ఆగదని పిల్లోడే చెప్పాడు, నేను చెప్పిందీ అదే, ఆగలేదని.

బాబూ, నీకు ఇంకో వీడియో ఇస్తా, రాసుకో. 1999 ఏప్రిల్ 26. ఆ రోజు పొద్దున కొట్టు తెరిచేసరికి మెట్ల మీద కంప్యూటర్లు వరస పెట్టి ఉన్నాయి. అన్నీ ఒకటే జబ్బు, ఆన్ చేస్తే చీకటి తెర, బీప్ కూడా లేదు. సీఐహెచ్ వైరస్. హార్డ్ డిస్క్ మొదటి భాగం తుడిచేసి, ఆగక, మదర్‌బోర్డు మీద బయోస్ చిప్పులోనూ చెత్త రాసింది. బయోస్ పోతే కంప్యూటర్‌కి ఎట్టా లేవాలో కూడా తెలియదు. చిప్పులు ఊడదీసి, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితంలో చుట్టి, ఏది ఏ బోర్డుదో పేరు రాసి, పినాకిని రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయా. అక్కడ చిప్పులో మళ్లీ రాసే మెషీన్ ఉన్న కొట్టు ఒకటుంది, అక్కడ రాయించుకొచ్చా. వాటిలో లేచినవి లేచాయి. ఆ వైరస్ 95, 98 మీదే పనిచేసేది, ఎన్‌టీని ఏమీ చేయలేకపోయింది. ఇక సున్నా ఒకటి గారు సంతోషించొచ్చు.

సున్నా_ఒకటి · ఒంగోలు (ఇప్పుడు బెంగళూరు)

సంతోషించాను. చిప్పుల కథ బాగుంది అన్నా, నిజంగా.

రొయ్యలగుంట_నాన్న · ఇందుకూరుపేట

ఇప్పుడే వచ్చా, అన్నీ చదివా. సగం అర్థం కాలేదు గానీ మనసు కుదుటపడింది. అక్కయ్య గారు చెప్పిన కామెంట్ల సెట్టింగ్ పెట్టించా. కేసుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా బావమరిది పోలీసులు వస్తారని బెదిరిస్తున్నాడు.

సున్నా_ఒకటి · ఒంగోలు (ఇప్పుడు బెంగళూరు)

పోలీసులు రారు గానీ ఒక జాగ్రత్త ఉంది. పాతబడినంత మాత్రాన విండోస్ 95 ఉచితమైపోలేదు, కాపీరైట్ ఇంకా ఉంది. ఎక్కించిన విధానం చూపించడం వేరు, వీడియో కింద డౌన్‌లోడ్ లింకు, లైసెన్స్ కీ పెట్టడం వేరు. ఆ రెండోది చేయనివ్వకండి, ఛానల్‌కి దెబ్బ. భయం లేకుండా ఆడుకోవడానికి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు బోలెడున్నాయి: ఫ్రీడాస్, రియాక్ట్‌ఓఎస్, హైకూ. కొలిబ్రీ అని ఒకటుంది, 1.44 ఎంబీ ఫ్లాపీలో మొత్తం పట్టేస్తుంది. విండోస్‌కి ముందటి ఎంఎస్ డాస్ 1.25, 2.0 సోర్స్ కోడ్‌ని మైక్రోసాఫ్టే 2018లో కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టింది, 4.0ని 2024లో పెట్టింది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. వీడు లోగోస్ ఫైలుతో ఆగే రకం కాదు, ఆ కోడ్ తెరిచి చూపించండి.

పెంగ్విన్_మార్కాపురం · మార్కాపురం

లైనక్స్ సోర్స్ 1991 నుంచి అందరికీ తెరిచే ఉంది. ఊరికే గుర్తు చేస్తున్నా.

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

పాత కంప్యూటర్ కావాలంటే కొత్తది కొనకండి, ఇప్పుడు ఊరకే వచ్చే కాలం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, పాత బోర్డుల్లో చాలావాటికి అది లేదు. ఆఫీసులు మంచి మెషీన్లను పాత సామాన్లకి వేసేస్తున్నాయి. ఎక్స్‌పీకి అలాంటిది బాగానే దొరుకుతుంది. కానీ 98కి అవి పనికిరావు, ర్యామ్ 512 ఎంబీ దాటితేనే అది అల్లాడిపోతుంది. 98కి పెంటియం 3 ప్రాసెసర్ ఉన్న పాతది చూడాలి. నా దగ్గర బోర్డు ఉంది, కేబినెట్ ఉంది, నారింజ అక్షరాలు వచ్చే పాత ఏటీ కేబినెట్ కూడా ఒకటి అటక మీద ఉంది. పిల్లోణ్ని తీసుకురండి, డబ్బుల సంగతి తర్వాత.

డీటీపీ_బాబాయ్ · కందుకూరు

నా దగ్గర పదిహేను అంగుళాల పాత డబ్బా రకం సీఆర్‌టీ మానిటర్ అదనంగా ఉంది. రంగులు బాగున్నాయి, ఒక మూల రవ్వంత ఊదా కొడుతుంది. ఆటో మాట్లాడుకుని రండి, బస్సులో కండక్టర్ ఎక్కనివ్వడు. కీబోర్డు, మౌస్ కూడా ఇస్తా. మౌస్‌లో బాలు లేదు, ముందే చెప్తున్నా.

స్పేర్‌పార్ట్_కావలి · కావలి

బాలు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. మౌస్ ఏ కంపెనీదో చెప్పు, సైజు చూసి తీసిపెడతా.